మీ నాన్నగారు ఏ బళ్ళో చదివారు?



ఇవాళ మీతో మాట్లాడబోయేది ఒక కాగితం గురించి. ఊరగాయల సంగతో, పిల్లల జలుబుకి చిట్కాలో చెబుతానని రేడియో పెట్టుకున్నవాళ్ళుంటే ఏమీ అనుకోకండి, అవి మరోసారి చూసుకుందాం. ఈ కాగితాన్ని మీలో చాలామంది చూసే వుంటారు. పిల్లవాణ్ణి బళ్ళో వేద్దామని వెళితే కిటికీలోంచి ఇచ్చే దరఖాస్తు ఫారం. పేరు, పుట్టిన తేదీ, టీకాలు వేయించారా లేదా, తండ్రి ఉద్యోగం, తల్లి చదువు, ఇల్లు ఎంత దూరం, ఇవన్నీ అయ్యాక ఎక్కడో అడుగున ఒక చిన్న గడి వుంటుంది. తల్లిగాని తండ్రిగాని ఈ పాఠశాల పూర్వ విద్యార్థులా? అవును, కాదు. ఏదో ఒకదాని మీద టిక్కు పెట్టాలి.

2009 లో ఆ గడి మా ఇంట్లో ఇద్దరు పిల్లల్ని రెండు దారులు పట్టించింది. 

మా మామగారు ప్రభుత్వోద్యోగి. బదిలీల మీద ఊళ్ళు తిరిగి తిరిగి చివరికి హైదరాబాదు చేరారు. అప్పటికి మావారు ఎనిమిదో తరగతిలో వున్నారు. చదువు మధ్యలో కదపడమెందుకని సూర్యాపేటలో వాళ్ళ నాయనమ్మ దగ్గరే వుంచేశారు. మా మరిది చిన్నవాడు కనక అమ్మానాన్నలతో పట్నం వచ్చి, ఊళ్ళో పేరున్న ఒక పాత బళ్ళో చేరాడు. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. ఒకే తల్లి పిల్లలు, ఒకడిది జిల్లాపరిషత్తు బడి, ఇంకొకడిది టై కట్టుకునే బడి. అందులో ఎవరి తప్పూ లేదు, బదిలీ ఉత్తర్వు అప్పుడొచ్చింది, అంతే.

తరువాత ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. కొండాపూర్‌లో ఒకే అపార్టుమెంటులో పై వాటా వాళ్ళది, కింద వాటా మాది. నాకూ మా తోడికోడలికీ ఆరు నెలల తేడాలో కొడుకులు పుట్టారు. పిల్లలకి బడి వయసు రాగానే ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళి మా మరిది చదివిన బడి నుంచే రెండు ఫారాలు తెచ్చుకున్నాం. వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టుకుని నింపాం. ఆమె ఆ గడిలో అవును అని పెట్టింది. నేను కాదు అని పెట్టాను. పదిహేను రోజులకి జాబితా అంటించారు. వాళ్ళ వాడి పేరుంది, మా వాడిది లేదు.

"ఇంటిపేరు ఒకటే, తాతా ఒకడే. ఒకడికిచ్చి ఒకడికి ఇవ్వకపోవడమేమిటి? వెళ్ళి గట్టిగా అడుగు" అని మా అత్తగారు మావారిని పోరారు. ఆయన వెళ్ళి మెత్తగానే అడిగారు. అది నియమమండీ అన్నారట. ఆయన తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ "సూర్యాపేటలో చదవడం నేరమని తెలియలేదు" అని నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

మా వాడు కొన్నాళ్ళపాటు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి తమ్ముడు ఎక్కే పసుప్పచ్చ బస్సుకి చెయ్యి ఊపేవాడు. "నేనెప్పుడెక్కాలి?" అని అడిగేవాడు.

ఇదేదో నా కడుపుమంట చెప్పుకోడానికి వచ్చాననుకుంటారేమో. కొంత మంట వున్నమాట నిజమే. కాని నేను చదివింది పదో తరగతి వరకే అయినా, రేడియోకి వ్రాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏ సంగతైనా మొదటినుంచీ చూడాలనే రోగం పట్టుకుంది. ఈ గడి ఎక్కడినుంచి వచ్చింది? మన ఊళ్ళో బళ్ళో చేర్చుకునేటప్పుడు "నువ్వెవరి పిల్లవి?" అని అడగడం ఎప్పటినుంచి వుంది? గ్రంథాలయాల్లో కూర్చుని పోగుచేసుకున్నది మీకు చెబుతాను.

మొదటి సాలార్జంగు నిజాం రాజ్యానికి దివానుగా వున్న రోజుల్లో, 1850 ల దశకంలో, దారుల్ ఉలూమ్ అనే బడి పెట్టించాడు. కొత్త పద్ధతి చదువు హైదరాబాదులో దానితోనే గట్టిపడిందంటారు. ఆ తరువాత, 1870 లలో, గొప్పింటి పిల్లల కోసం మదర్సా-ఎ-ఆలియా వచ్చింది. ఆలియా అంటేనే ఉన్నతమైనది అని అర్థం. ప్రభువుల బిడ్డలు మామూలు పిల్లల పక్కన ఒకే చాప మీద కూర్చోరు గదా మరి. 1887 లో నిజాం కళాశాల పుట్టింది ఈ ఆలియాని, ఇంకొక బడిని కలపగానే. అంటే, ఎవరి కొడుకు అన్న ప్రశ్న మన ఊళ్ళో బడి గేటంత పాతది.

కాని ఆ ప్రశ్ననే బడికి పేరుగా పెట్టింది 1923 లో. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో బేగంపేటలో ఒక విద్యాలయం వెలసింది. దాని పేరు జాగీర్దార్ కాలేజి. కాలేజి అన్నారేగాని అది బడే. ఇంగ్లండులో ఈటన్ అనే బడి వుంది చూశారూ, దొరల కొడుకులు చదివేది, దాని నమూనాలో కట్టారు. ఆ ఈటన్‌లో ఒకప్పుడు పిల్లవాడు పుట్టగానే, బారసాల కాకముందే, బడి జాబితాలో పేరు వ్రాయించేవారట. మన జాగీర్దార్ కాలేజిలో ఏ గడిలోనూ టిక్కు పెట్టనక్కరలేదు. బోర్డు మీదే వుంది జవాబు. నీ తండ్రి జాగీర్దారా? అయితే రా.

జాగీర్దారంటే మీకు తెలుసు. అయినా ఇప్పటి పిల్లలకి చెప్పాలి గదా. నిజాం రాజ్యంలో దాదాపు మూడో వంతు నేల సర్కారు చేతిలో కాకుండా జాగీర్దార్ల చేతిలో వుండేది. శిస్తు వాళ్ళే వసూలు చేసుకునేవారు. ఇందులో ఒక తమాషా వుంది. కాగితం మీద జాగీరు వంశపారంపర్యపు ఆస్తి కాదు. జాగీర్దారు కన్నుమూస్తే అది నిజాముకి తిరిగి పోయినట్లే లెక్క. వారసుడు అర్జీ పెట్టుకుని, నిజాం అనుమతితో మళ్ళీ పొందాలి. వాడుకలో మాత్రం తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనవడు. హక్కు కాదు, కేవలం ప్రాధాన్యం అన్నమాట! బళ్ళవాళ్ళు ఈ మాట అన్నప్పుడల్లా నాకు జాగీరు గుర్తుకొస్తుంది.

ఆ రోజుల్లో రాజ్యంలో చదవడం వ్రాయడం వచ్చినవాళ్ళు నూటికి అయిదారుగురికి మించి లేరు. మన తెలుగువాళ్ళ పరిస్థితి మరీ అన్యాయం. పైచదువు ఉర్దూలో. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్ళు గోలచేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ సంఘానికి వెన్నెముకగా నిలిచిన మాడపాటి హనుమంతరావుగారు 1928 లో నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల కోసం బడి పెట్టారు. తెలుగులో చదువు చెప్పే బడికి ఇక్కడి ఉర్దూ విశ్వవిద్యాలయం గుర్తింపు కుదరక, పూనాలో కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకోవలసి వచ్చింది. మన ఊళ్ళో బడి, పరీక్ష పూనాది! ఆ బడి ఇవాళా వుంది, ఆయన పేరుతోనే వుంది. 1951 లో హైదరాబాదు నగరానికి మొదటి మేయరైంది ఆ మాడపాటివారే.

అయిదేళ్ళ తేడాలో వెలసిన ఈ రెండు బళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడండి. బేగంపేటలో తండ్రి ఎవరో చూసి చేర్చుకునే బడి. నారాయణగూడలో అసలు ఆడపిల్లని పంపే తండ్రి దొరికితే చాలనుకున్న బడి. ఆ రెండోదానిలో చేరిన పిల్లల తల్లులు చాలామంది ఏ బళ్ళోనూ పూర్వ విద్యార్థినులు కారు. వాళ్ళ ఫారంలో ఈ గడి పెట్టివుంటే ఒక్కతె కూడా చేరివుండేది కాదు. మీ అమ్మమ్మలో, నాయనమ్మలో ఎవరైనా అలాంటి బడి గడప తొక్కిన మొదటి పిల్ల అయి వుంటారు. మీరివాళ పత్రిక చదువుతున్నారంటే ఆ అడుగు వల్లనే గదా.

మళ్ళీ బేగంపేటకి వద్దాం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయింది. జనరల్ జె. ఎన్. చౌదరి సైనిక గవర్నరుగా వచ్చాడు. 1949 ఆగస్టు 15 న జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. జాగీర్లే పోయాక జాగీర్దార్ల కాలేజి ఏమిటి? పేరు మార్చవలసి వచ్చింది. 1950 తరువాత అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. పేరులో పబ్లిక్ వుందని పబ్లిక్కంతా వెళ్ళి చేరారనుకోకండి, ఇంగ్లీషువాళ్ళ వాడుకలో పబ్లిక్ స్కూలంటే అందుకు సరిగ్గా వ్యతిరేకం. అయినా తలుపు కొంత తెరుచుకుంది. ఉద్యోగస్తుల పిల్లలు, డాక్టర్ల పిల్లలు, వ్యాపారస్తుల పిల్లలు వచ్చారు. మైక్రోసాఫ్ట్ సంస్థకి 2014 లో అధిపతి అయిన సత్య నాదెళ్ళ ఈ బడి పిల్లవాడే. తండ్రి ఐ.ఏ.ఎస్. అధికారి, జాగీర్దారు కాదు. అడోబీ సంస్థకి అధిపతిగా పేరు తెచ్చుకున్న శంతను నారాయణ్, 2023 లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా కూడా అక్కడివాళ్ళే. 1923 నాటి నియమం 1973 లో కూడా వుండివుంటే వీళ్ళలో ఎవరూ ఆ గేటు దాటేవారు కారు. ఆ బడి ఇవాళ గర్వంగా చెప్పుకునే పేర్లన్నీ తలుపు తెరిచిన తరువాత వచ్చినవే.

అన్నట్లు, ఆ బళ్ళో ఆడపిల్లలకి చోటు దొరికింది 1988 లో. అంటే మొదలైన 65 ఏళ్ళకి. ఇక్కడ మనం ఆగి ఒక సంగతి ఆలోచించాలి. ఊళ్ళో పాత పేరున్న బళ్ళు చాలావరకు మగపిల్లలవో ఆడపిల్లలవో విడివిడిగా వుండేవి. మగపిల్లల బడి ఫారంలో తల్లిగాని తండ్రిగాని అని అచ్చువేసినా, తల్లి అక్కడ చదివే వీలే లేదు. గడి అడిగేది తండ్రినే. ఎక్కడ చదివావమ్మా అని తల్లిని అడిగిన బడి ఏదైనా వుంటే అది ఆడపిల్లల బడి. కొడుక్కి తండ్రి ఆస్తి, కూతురికి తల్లి నగలు అన్నట్లు!

అదే బేగంపేట బడికి సంబంధించి ఇంకొక సంగతి తెలిసినప్పుడు నాకు చాలాసేపు నోట మాట రాలేదు. ప్రతి ఏటా వేసవికి ముందు పేపర్లో ఒక మూల చిన్న ప్రకటన పడుతుంది, మీరు చూసే వుంటారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో ఒకటో తరగతిలో చేరడానికి గిరిజన విద్యార్థుల నుంచి దరఖాస్తులు కోరుతున్నాం అని. షెడ్యూల్డు కులాల పిల్లలకీ ఇలాగే పడుతుంది. ఫీజు ప్రభుత్వమే కడుతుంది. సీట్లు కొద్ది, దరఖాస్తులు ఎక్కువ. అందుకని జిల్లా కేంద్రంలో తల్లిదండ్రుల ఎదుటే చీటీలు తీస్తారు. ఏ తండాలోనో గూడెంలోనో పుట్టిన బిడ్డ పేరు చీటీలో వస్తే, ఒకప్పుడు జాగీర్దారు కొడుక్కి తప్ప ఎవరికీ తెరవని ఆ గేటులోంచి నడుస్తాడు. చీటీ తీసేవాడు "మీ నాన్న ఎక్కడ చదివాడు?" అని అడగడు. నాన్న అసలు చదివివుండకపోవచ్చు.

సరే, ఇంతవరకు ఒకవైపే చెప్పాను. మా తోడికోడలు ఈ ప్రసంగం వింటే ఊరుకోదు. ఆమె మాటా చెప్పాలి.

"అక్కా, బడంటే గోడలు కావు గదా, మనుషులు" అంటుంది. నిజమే. ఆ బడి ప్రయోగశాలకి డబ్బిచ్చింది పాత విద్యార్థులు. వర్షానికి కప్పు కారితే చందాలు వేసుకున్నది వాళ్ళు. మా మరిది ఇప్పటికీ ఏటా ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి పిల్లలకి ఉద్యోగాల గురించి చెప్పి వస్తాడు. అలాంటివాళ్ళ పిల్లలకి ముందు చోటిస్తే బడికీ ఇంటికీ బంధం నిలుస్తుంది. లాభం కోసం నడవని బడికి అదొక ఆసరా. గుడి కట్టించినవాళ్ళకి తొలి తీర్థం ఇవ్వమూ? అని ఆమె ప్రశ్న.

తొలి తీర్థం మాట నన్ను చాలారోజులు పట్టుకుంది. కాదనడానికి తోచలేదు. ఊళ్ళో ధర్మకర్తకి తొలి తీర్థమిస్తే మనమెవ్వరం బాధపడం. ఎందుకంటే ఆయన తరువాత మనకీ ఇస్తారు. ఉద్ధరిణె గిన్నెలో మునుగుతూనే వుంటుంది. బళ్ళో సీటు అలా కాదు. నలభై వుంటే నలభయ్యే. తొలి వరుసతోనే గిన్నె అడుగంటితే, వెనక చెయ్యి చాపి నిలబడ్డ వాళ్ళకి శఠగోపం ఒక్కటే. అందుచేత ఎవరు ముందు అని కాదు, ముందు నిలబడేవాళ్ళు ఎంతమంది అని అడగాలి. పాత విద్యార్థులకి నూటికి అయిదు ఇస్తున్నారా, యాభై ఇస్తున్నారా? చాలా బళ్ళు ఈ లెక్క బైటపెట్టవు.

అక్కచెల్లెళ్ళకి, అన్నదమ్ములకి ఇచ్చే ప్రాధాన్యం వేరు సుమండీ, దానితో నాకు పేచీ లేదు. పెద్దది ఒక బళ్ళో, చిన్నది ఇంకో బళ్ళో అయితే పొద్దున్నే రెండు క్యారియర్లు రెండు దిక్కులకి మోసేది ఎవరో మనకి తెలుసు. అది తల్లి కాళ్ళకి ఇచ్చే విశ్రాంతి. ఆ పిల్లలు పెద్దయిపోతే అదీ అయిపోతుంది. పూర్వ విద్యార్థి గడి మాత్రం తరం నుంచి తరానికి నడుస్తూనే వుంటుంది.

మా హైటెక్ సిటీ వైపు వాళ్ళకి ఈ బాధ ఇంకా ఎక్కువ. 1998 నవంబరు 22 న అప్పటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. అంతకుముందు మాదాపూరంటే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, దుర్గంచెరువు. ఆ తరువాత గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా ఎలా పెరిగిందో మీరు చూస్తూనే వున్నారు. మా అపార్టుమెంటులో గుంటూరువాళ్ళు, విశాఖవాళ్ళు, కరీంనగర్‌వాళ్ళు, బీహారునుంచి వచ్చినవాళ్ళు, ఒరిస్సావాళ్ళు. అందరూ బాగా చదువుకున్నవాళ్ళే, ఎవరి బడి వాళ్ళ ఊళ్ళోనే వుండిపోయింది. జీతం ఎంతైనా వుండవచ్చు, పాత బడి ఫారంలో ఆ గడి దగ్గరకి వచ్చేసరికి అందరూ సూర్యాపేటవాళ్ళే!

ఈ వైపు బళ్ళన్నీ కొత్తవి. పాతవంటే ముప్పయ్యేళ్ళవి. అందువల్ల ఇన్నాళ్ళూ ఇక్కడ పూర్వ విద్యార్థుల ప్రసక్తే లేదు, డబ్బు ప్రసక్తే వుంది. అది న్యాయమని నేననడం లేదు. సైబర్ టవర్స్ తరువాత కట్టిన అద్దాల మేడలకి ఇటుకలు మోసిన పాలమూరు కూలీల పిల్లలు ఏ ఫారమూ చూడలేదు. మా ఇంట్లో పని చేసే యాదమ్మ మనవరాలు సర్కారు బళ్ళో చదువుతోంది. నేను పూర్వ విద్యార్థుల గడి గురించి ప్రసంగం వ్రాస్తున్నానంటే "గదేందమ్మా?" అని అడిగింది. విడమరిచి చెప్పాను. "మా పిల్ల బడిల అట్ల అడగరు. ఆధార్ కార్డు అడుగుతరు" అంది.

చట్టం ఏమంటుందో కొంచెం చెప్పుకుందాం, ఎక్కువ చెబితే మీరు రేడియో కట్టేస్తారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1983 లోనే సీటుకి డొనేషన్ పుచ్చుకోవడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. 1993 లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి చదువు హక్కని చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ఎదుటి పక్షం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2009 లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 13 వ సెక్షను పిల్లవాణ్ణిగాని, తల్లిదండ్రులనుగాని వడపోత పోయకూడదంటుంది. ఒక బిడ్డని కాదని ఇంకొక బిడ్డని తీసుకోవాలంటే చీటీలు వేయడం తప్ప వేరే పద్ధతి ఏదైనా వడపోతే అని ఆ చట్టమే అర్థం చెప్పింది. ఇంకేం, గడి పోయిందనుకున్నాను. కాని అదే 2010 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. బడి తన ఆశయాలకి తగినట్లు, న్యాయంగా, సహేతుకంగా దరఖాస్తులని వర్గాలుగా విడదీసుకోవచ్చు, ఆపైన ఏ వర్గంలోకి ఆ వర్గంలో చీటీలు తియ్యాలి అని. తల్లిదండ్రుల చదువుని బట్టి మాత్రం చూడకూడదట. తండ్రి ఎంత చదివాడని అడగరాదు, ఎక్కడ చదివాడని అడగవచ్చునేమో! వకీళ్ళకి అన్నం పెట్టే సందు అది. పైగా ఆ చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి. మన బళ్ళలో అసలు తలుపు నర్సరీలోనే మూసుకుంటుంది గదా.

అదే చట్టంలో నూటికి 25 సీట్లు పేదపిల్లలకి ఇవ్వాలన్న సెక్షను కూడా వుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2022 లో మొదలైంది. తెలంగాణలో ఎన్నో ఏళ్ళు అమలుకాక హైకోర్టు మెట్లెక్కింది.

ఢిల్లీలో ఈ గడి మీద పెద్ద రగడే జరిగింది. 2013 డిసెంబరులో అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు నర్సరీ సీట్లకి మార్కుల పట్టిక వేశారు. నూటికి 70 మార్కులు ఇల్లు దగ్గరున్నందుకు, 20 తోబుట్టువు అదే బళ్ళో వున్నందుకు, 5 తల్లో తండ్రో పూర్వ విద్యార్థి అయినందుకు, 5 వేరే రాష్ట్రంనుంచి బదిలీ మీద వచ్చినందుకు. మా మామగారి బదిలీకి కూడా మార్కులున్న పట్టిక అది! ఆ చివరి అయిదూ కొద్ది నెలల్లోనే తీసేశారు. ఎందుకంటారా, బదిలీ కాగితాలు పుట్టుకొచ్చాయి. పట్టిక మొత్తాన్నీ 2014 నవంబరులో హైకోర్టు కొట్టేసింది, బడిని ఎలా నడుపుకోవాలో బడివాళ్ళ ఇష్టమంది. అయినా 70 కి 5 అన్న ఆ లెక్క నాకు నచ్చింది. పూర్వ విద్యార్థిని పూర్తిగా కాదనలేదు, పీట మాత్రం చిన్నది వేశారు.

మా అపార్టుమెంటులోనే ఒకావిడ కూతురు సింగపూర్‌లో వుంటుంది, అల్లుడిది కంప్యూటరు ఉద్యోగం. అక్కడ ఒకటో తరగతి సీట్లన్నీ ప్రభుత్వమే విడతలు విడతలుగా ఇస్తుంది. మొదటి విడత తోబుట్టువులది. రెండో విడతలోనే పూర్వ విద్యార్థుల పిల్లలొస్తారు. ఏ బంధమూ లేని మామూలు వాళ్ళ విడత చివర్న. పేరున్న బళ్ళలో ఆ విడత వచ్చేసరికి ఏమీ మిగలడం లేదని జనం గోల పెడితే, 2022 నుంచి ప్రతి బళ్ళోనూ 40 సీట్లు ఆ మామూలు వాళ్ళ కోసం ముందే పక్కన పెడుతున్నారు. అంతకుముందు 20 వుండేవి. పూర్వ విద్యార్థులెక్కువైతే వాళ్ళలో వాళ్ళకే చీటీలు. విదేశీయుల పిల్లలకి ఈ విడతలన్నీ అయ్యాక మిగిలినవి. పక్కింటావిడ మనవరాలికి చోటు ఇంటికి చాలా దూరం బళ్ళో వచ్చింది. ఇక్కడ పాత బేగంపేట బడి అల్లుడిది! అక్కడ ఆ మాట ఎవరడుగుతారు?

అమెరికాలో ఈ వారసత్వపు సీట్లు చిన్న బళ్ళలో కన్నా పెద్ద కళాశాలల్లో ప్రసిద్ధి. 1920 లలో హార్వర్డ్, యేల్ వంటి చోట్ల పరీక్ష బాగా వ్రాసి యూదుల పిల్లలు ఎక్కువగా చేరుతున్నారని పెద్దలకి దిగులు పట్టింది. నేరుగా వద్దనలేక, పూర్వ విద్యార్థుల కొడుకులకి ముందు చోటు అన్న పద్ధతిని గట్టిచేశారు. ఆ సంగతి చదివాక, బంధం నిలబెట్టుకోవడానికే ఈ నియమం అన్న మాట నాకు పూర్తిగా మింగుడుపడటం లేదు. 2024 లో కాలిఫోర్నియా రాష్ట్రం ప్రైవేటు కళాశాలల్లో కూడా దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమంది వున్నారో మీకు చెప్పనక్కర్లేదు. వెళ్ళిన తొలితరం వాళ్ళంతా కాదు అని టిక్కు పెట్టినవాళ్ళే. ఇప్పుడు వాళ్ళ పిల్లలు అవును అని పెట్టే వయసుకి వచ్చారు. ఆ చట్టం వాళ్ళకి లాభమో నష్టమో ఇంటింటికీ ఒక లెక్క.

మా ఇంటి లెక్క కూడా చెప్పి ముగిస్తాను.

మా వాడు కొండాపూర్‌లోనే, ఇంటికి నాలుగు వీధుల అవతల, అప్పట్లో కొత్తగా పెట్టిన ఒక బళ్ళో చదివాడు. బాగానే చదివాడు. ఇప్పుడు ఇంజనీరింగులో వున్నాడు. పైవాటా వాడూ ఇంజనీరింగే. ఇద్దరూ ఒకే బండి మీద తిరుగుతారు. ఇవాళ ఎవరిది ఏ బడి అంటే మూడో మనిషికి తెలియదు. మొన్న సంక్రాంతికి ముందు మా వాడి ఫోనుకి వాళ్ళ బడి నుంచి ఒక కబురు వచ్చింది. పూర్వ విద్యార్థుల సంఘం మొదలుపెడుతున్నారట. సభ్యత్వానికి మూడు వేల రూపాయలు. కట్టినవాళ్ళ పిల్లలకి రేపు ప్రవేశాలలో ప్రాధాన్యం ఇస్తారట. వాడికి పెళ్ళి మాటే లేదు, పిల్లలకి సీటు!

వాడు నవ్వుతూ వంటింట్లోకి వచ్చి, "కట్టనా అమ్మా?" అని అడిగాడు.

నేను అప్పుడు ఇదే ప్రసంగానికి కాగితాలు సర్దుకుంటున్నాను. జాగీర్దార్ కాలేజి అని పైన పెద్దక్షరాలతో వ్రాసుకుని వుంది. పొయ్యి మీద పప్పు వుంది. వాడికి ఇవన్నీ చదివి వినిపించి, వద్దురా నాయనా అనాలి. "ఎప్పటిలోగా కట్టాలట?" అని అడిగాను. నెలాఖరు అన్నాడు. మావారు హాల్లోంచి "కట్టెయ్యి, మళ్ళీ సూర్యాపేట కథ ఎందుకు" అన్నారు. వాడు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నేను కాదనలేదు.

రశీదు బీరువాలో, మా వాడి బర్తు సర్టిఫికెట్టు పక్కన వుంది. మా తోడికోడలికి ఇంకా చెప్పలేదు. ఇవాళ వింటుంది.